గుమ్మం దగ్గర ఖళ్

జూన్ 9

ముక్కు డాక్టరమ్మ రోజూ రాయమంది. నీళ్ళు పోసుకున్నానా, ఎంత కారింది, గొంతు ఎలా ఉంది. అల్లుడు వాళ్ళ బస్సుల డిపోలో టైర్లవాళ్ళు పంచిన డైరీ తెచ్చి ఇచ్చాడు. పోయినేడాదిది. తేదీలు సరిపోతాయి, వారాలు సరిపోవు. నాకు వారాలతో పనేముంది.

గొంతు చూపించుకుందామని వెళ్ళాను. ఆవిడ లైటు వేసి చూసి, గొంతుకేం జబ్బు లేదు పెద్దాయనా, ముక్కే వెనకవైపు నుంచి గొంతులోకి కారుతోంది, దాన్ని లాగడానికే మీ ఖళ్ ఖళ్ అంది. ఏం పని చేసేవారు అంది. పిండిమర అన్నాను. అదీ సంగతి అంది.

ఇన్నేళ్ళూ గొంతుని తిట్టుకున్నాను. దొంగ ఒకడు, దెబ్బలు ఒకడికి.

వెళ్ళింది నా కోసం కాదు. అమ్మాయి ఉద్యోగం కోసం. ఇంట్లోనే కూర్చుని, తలకి అదేదో తగిలించుకుని మాట్లాడుతుంది. ఎక్కడెక్కడివాళ్ళో ఫోన్ చేసి ఫ్రిజ్ చల్లబడడం లేదని అరుస్తారు. ఇది ఓర్పుగా జవాబు చెబుతుంది. మధ్యలో నా ఖళ్. ఒకాయన, అమ్మా ముందు మీ పక్కన పోతున్న ఆయన సంగతి చూడండి, నా ఫ్రిజ్ తర్వాత చూద్దురుగాని అన్నాడట. అది పైవాళ్ళు విన్నారు. ఇంకోసారి వినబడితే వేరే మనిషిని చూసుకుంటామన్నారట. అమ్మాయి నాతో అనలేదు. మొగుడితో అంటుంటే వంటింట్లోంచి విన్నాను.

జూన్ 10

నీళ్ళు కాచి చల్లార్చాలి. కుళాయి నీళ్ళు అలాగే పోసుకోకూడదు. గోరువెచ్చగా ఉండగా ఉప్పు పొట్లం కలపాలి. బేసిన్ మీదికి వంగి, తల పక్కకి వాల్చి, పైనున్న ముక్కులో మెత్త సీసా మూతి పెట్టి నొక్కాలి. కిందనున్న ముక్కులోంచి బయటికి రావాలి. నోరు తెరిచి ఉంచాలి.

నోరు మూసుకున్నాను. అది నాకు పుట్టినప్పటి అలవాటు. నూతిలో పడ్డట్టయింది. చెవులు దిబ్బెడ వేశాయి. చొక్కా తడిసింది, గోడ తడిసింది, అల్లుడి తువ్వాలు తడిసింది.

"మామయ్యా, ముక్కు కడుక్కోమంటే తలంటు పోసుకున్నారేంటి?" అన్నాడు అల్లుడు.

జూన్ 11

సీసాతో వచ్చిన కాగితం అమ్మాయి చదివి చెప్పింది. నీళ్ళు నొక్కేటప్పుడు క, క, క అంటూ ఉండాలట. అలా అంటే వెనక దారి మూసుకుని నీళ్ళు గొంతులోకి జారవట. 

క, క, క అన్నాను. నీళ్ళు బుద్ధిగా ఇటునుంచి అటు పోయాయి.

ఈ వయసులో మళ్ళీ క దిద్దుతున్నాను. మా పంతులు బతికుంటే, ఒరేయ్ నువ్వు అక్కడే ఉన్నావా అనేవాడు.

గదిలోంచి అమ్మాయి తల్లి పిలిచింది. "ఏమే, కాకి అరుస్తోంది. కాస్త మెతుకులు వెయ్యి."

చాలా రోజులకి నవ్వొచ్చింది.

జూన్ 14

బూడిదరంగు జిగురు వచ్చింది. మైదా ఉడికించి పోస్టర్లు అంటించే జిగురులా. మర మానేసి రెండేళ్ళు. ముక్కు మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు.

అమ్మాయి తల్లికి ఈ మధ్య చెబితే గుర్తుండడం లేదు. కళ్ళు అంతకుముందే పోయాయి, నీటికాసులు. అమ్మాయి తల్లి అని రాస్తున్నాను. నోటితో ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు, రాయడానికి చెయ్యి రావడం లేదు. తనూ నన్ను అంతే. అవసరం పడలేదు.

మర వెనక గదిలో కాపురం. మోటారు ఆగేది. బెల్టు తపతపా కొట్టుకుని ఊరుకునేది. తర్వాత నేను గుమ్మం దగ్గర ఖళ్ అనేవాణ్ణి. తను లోపల్నుంచి "ఆ" అనేది. కంచం చప్పుడయ్యేది. అంతే మా మాట.

వీధి పిల్లలు నన్ను మరమనిషి అనేవారు. మరలో మనిషిని, మాటాపలుకూ లేనివాణ్ణి, రెండు విధాలా సరిపోయింది. ఒకసారి తను గుమ్మంలోకి వచ్చి, "మరమనిషి కాదర్రా, మా మనిషి" అని వాళ్ళని తరిమింది. నేను బస్తా చాటున ఉన్నాను. విననట్టే ఉన్నాను.

జూన్ 17

ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. బాగానే ఉంది.

జూన్ 20

ఇవాళ పొద్దుట్నుంచి ఒక్క ఖళ్ లేదు. గొంతులో ఏమీ లేదు. గుటక వేస్తే నా గుటక కానట్టుంది. వెల్లకిలా పడుకుని నిద్రపోయాను, ఎన్నాళ్ళకో.

అమ్మాయి పని మధ్యలో బయటికొచ్చి, "నాన్నా, ఇంట్లోనే ఉన్నావా? ఎటో వెళ్ళావనుకున్నాను" అంది. మొహం విచ్చుకుంది. అది అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

మధ్యాహ్నం అన్నం కలిపి అమ్మాయి తల్లి దగ్గరికి తీసుకెళ్ళాను. గోడవైపు తిరిగి పడుకుంది. భుజం మీద చెయ్యి వేస్తే అదిరిపడింది. "ఎవరు? ఎవరది?" అంది. నిద్రమత్తు.

జూన్ 22

గొంతు శుభ్రం. ముక్కు శుభ్రం.

మళ్ళీ ఎవరు అంది. నిద్రమత్తు.

జూన్ 25

స్నానం చేయించడానికి పట్టుకుంటే చెయ్యి విదిలించుకుంది. పైట రెండు చేతులా గుప్పిట పట్టుకుంది. "అమ్మాయీ, అమ్మాయీ" అని అరిచింది. అమ్మాయి ఫోన్‌లో ఉంది, రాలేకపోయింది. నేను చెంబు అక్కడే పెట్టి బయటికొచ్చాను.

మనసు బాగాలేక అయ్యుంటుంది. ఉక్క కూడా ఎక్కువగా ఉంది.

జూన్ 28

నా చేతి ముద్ద తినడం మానేసింది. నోరు బిగించేస్తుంది. అమ్మాయి భోజనం గంటలో వచ్చి పెడితే నాలుగు ముద్దలు తింటుంది, అవీ కక్కుర్తిగా, ఎవరో లాక్కుంటారన్నట్టు. తర్వాత అమ్మాయి తను తినకుండానే పరిగెత్తుతుంది.

"అమ్మా, నాన్నే కదే పెడుతోంది, తినవేం?"

"నాన్న రానీ, తింటాను."

"ఎదురుగా ఉన్నాడే."

"కళ్ళు లేవు కదా అని నాకు అబద్ధాలు చెప్పకే."

నేను అక్కడే నిలబడి ఉన్నాను.

జులై 1

డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. లైటు వేసి చూసి సంతోషించింది. ఎంత శుభ్రంగా ఉందో అంది. కష్టపడ్డారు పెద్దాయనా అంది. అవును అన్నాను.

రాసింది చూపించమంది. ఇంట్లో మరిచిపోయానన్నాను. ఇది ఎలా చూపిస్తాను. 

జులై 3

తన డాక్టరు వేరే. ఆయన ఇంటికొచ్చి చూశాడు. చెయ్యి చర్మం గిల్లి వదిలితే ముడత అలాగే నిలబడింది. ఇలా తినకపోతే కష్టం, ముక్కులోంచి గొట్టం వేసి పాలూ జావా పంపాలి అన్నాడు. పది రోజులు చూద్దామన్నాడు. పీకేసుకోకుండా చేతులు మంచానికి కట్టాల్సి రావచ్చు అన్నాడు మెల్లగా, అమ్మాయితో. 

ముక్కులోకి నీళ్ళు పోతేనే ప్రాణం ఎలా అల్లాడుతుందో నాకు తెలుసు. నేను క అంటూ తట్టుకున్నాను. తనని ఏమనమంటారు.

మనుషుల్ని మరిచిపోవడం ఈ జబ్బులో మామూలే, ముందు ఒకరిద్దర్ని మరిచిపోతారు, తర్వాత అందర్నీ అన్నాడు. కాబోలు.

జులై 4

తెలిసింది.

మధ్యాహ్నం తన గదిలో కిటికీ దగ్గర కూర్చున్నాను, చప్పుడు చెయ్యకుండా. కింద మేడకి నీళ్ళెక్కించే మోటారు నడుస్తోంది. ఆగింది. తను మంచం మీద తల ఎత్తింది. చెవి గుమ్మంవైపు పెట్టింది. చెయ్యి పక్కన తడుముకుంది, కంచం కోసం వెతికినట్టు. అలా చాలాసేపు ఉంది. తర్వాత తల వాల్చేసి, "ఆగి ఎంతసేపయింది, ఇంకా రాలేదు" అంది.

నేను గదిలోనే ఉన్నాను. గొంతు శుభ్రంగా ఉంది.

జులై 5

ఇవాళ గుమ్మం బయటికి వెళ్ళి ఖళ్ అన్నాను. కావాలని. అమ్మాయి వీధిలోకి వెళ్ళినప్పుడు.

తను విన్నది. కనుబొమలు ముడిచింది.

మళ్ళీ అన్నాను, ఇంకొంచెం గట్టిగా.

"ఎవర్రా అది? పెద్దాయన్ని వెక్కిరిస్తారా? సిగ్గులేదూ!" అంది. అచ్చం వీధి పిల్లల్ని తరిమిన గొంతు.

మళ్ళీ అనలేదు.

జులై 6

కారకుండా గొంతు లాగితే అది వేరేలా ఉంటుంది. నాకే తెలుస్తోంది. ఖాళీ బస్తా దులిపినట్టు.

ఇవాళ్టి నుంచి నీళ్ళు పోసుకోవడం లేదు. పొట్లం చింపి బేసిన్‌లో పారబోసి, సీసా మూతి తడిపి బోర్లించి పెడుతున్నాను. అమ్మాయి చూసినా పోసుకున్నాననుకుంటుంది. 

ఖళ్ వస్తే అమ్మాయి ఉద్యోగం. రాకపోతే గొట్టం. అమ్మాయి ఫోన్‌లో లేనప్పుడే వస్తే బాగుండు. ముక్కుకి చెబితే వింటుందా.

జులై 7

అల్లుడు సాయంత్రం పక్కన కూర్చున్నాడు. చేతులకి గ్రీజు ఉంది.

"మామయ్యా, మీరు మొహమాటం మానెయ్యాలి. అత్తయ్య దగ్గర కూర్చుని, నేను ఫలానా అని పేరు చెప్పండి. పెళ్ళాం దగ్గర సిగ్గేంటి, ఇంత వయసొచ్చాక?"

"పేరుతో ఏం తెలుస్తుంది?"

"చెప్పి చూడండి. పోయేదేముంది? మహా అయితే మీ ఇంటిపేరు అడుగుతుంది."

గదిలోకి వెళ్ళాను. నిలబడ్డాను. పేరు చెప్పాను. నా పేరు నాకే కొత్తగా వినబడింది, రేషన్ షాపులో పిలిచినట్టు.

తను సర్దుకుని కూర్చుంది. పైట సరిచేసుకుంది. ఎంతో మర్యాదగా, "ఆయన ఇంట్లో లేరండీ, మర దగ్గర ఉంటారు, పనుంటే అక్కడికెళ్ళండి" అంది.

నేను లేనప్పుడు ఇంటికొచ్చినవాళ్ళతో ఇలాగే చెప్పేదన్నమాట. ఎప్పుడూ వినలేదు. నేను లేనప్పుడు కదా.

సరేనమ్మా అని బయటికొచ్చాను.

జులై 8

మర దగ్గరికే వెళ్ళాను. తనే వెళ్ళమంది కదా.

పాత రాళ్ళ మర తీసేశారు. ఇనప మిషను పెట్టారు. చుట్టూ మూత, పిండి నేరుగా గొట్టంలోంచి సంచిలోకి. ఇప్పుడు నడిపే ఆయన గర్వంగా చూపించాడు. "చూశారా, మీ కాలంలోలాగా కాదు. తెల్లచొక్కా వేసుకుని పని చెయ్యొచ్చు. చిటికెడు దుమ్ము లేదు."

చిటికెడు దుమ్ము లేదు. నా ఖర్మ.

పక్కన మిరపకాయలు ఆడే మిషను ఉంది. దాని దగ్గర నిలబడ్డాను. కళ్ళమ్మట నీళ్ళు, తుమ్ముల మీద తుమ్ములు. అది తుమ్ము. నాది తుమ్ము కాదు.

"మీకు అలవాటు తప్పిపోయింది మేస్త్రీ" అని నవ్వాడు ఆయన.

వచ్చేటప్పుడు సంచి పక్కన ఒలికిన పిండి కాస్త అరచేతులకి రాసుకున్నాను. తన చెయ్యి పట్టుకుంటే వాసన చూసింది. మొహం వెలిగింది. "మర దగ్గర్నుంచి వచ్చావా నాయనా? ఆయనేరి? అన్నానికి రమ్మని చెప్పు" అంది.

చెబుతానన్నాను.

జులై 10

రోజూ వెళుతున్నాను. మిషను ఆపాక, దుమ్ము బయటికి రాకుండా పట్టే దాని గుడ్డ గొట్టం విప్పి దులిపే పని ఉంటుంది. అది నేను చేస్తానన్నాను. ఆయన వద్దనలేదు. చిన్న గది, తలుపు మూసి దులపాలి. మూతికి గుడ్డ కట్టుకోమన్నాడు. కట్టుకున్నట్టు నటించి తీసేశాను.

ఇంట్లో నడకకి వెళ్ళొస్తున్నానని చెప్పాను. ఒళ్ళు బావుంది నాన్నా నీకు, మొహం తెల్లబడింది అంది అమ్మాయి. మొహం కడుక్కోవడం మరిచిపోయాను.

జులై 11

తను ఇవాళ రెండు చెంచాల జావ. అంతే. అమ్మాయి చేతినీ ఒక్కోసారి నెట్టేస్తోంది. ఆయన ఆకలితో ఉంటే నేను ముందు తింటానా అంటోంది.

గొట్టం మాట అల్లుడు ఎత్తాడు. అమ్మాయి లేచి వెళ్ళిపోయింది.

జులై 12

కుడిచెవి లోపల పోటు. బుగ్గ ఎముక బరువుగా ఉంది. వంగితే నుదుట్లోకి ఏదో ఒరుగుతోంది. మంచి సూచనే.

గొంతులో ఇంకా లేదు.

జులై 13

ముసురు పట్టింది. వానలో తడిశాను. కొంత కావాలనే.

జులై 14

జ్వరం. డాక్టరమ్మకి అమ్మాయి ఫోన్ చేసి ఇచ్చింది.

"ఏమైంది పెద్దాయనా? రోజూ నీళ్ళు పోసుకుంటున్నారా?"

"ఆ."

"మళ్ళీ వస్తుందేమోనని భయపడుతున్నారా? రాదు. నేను చెబుతున్నాగా. కడుక్కుంటూ ఉంటే మళ్ళీ రాదు."

"వస్తుందంటే ఎన్నాళ్ళకి వస్తుందమ్మా?"

"రాదన్నాగా!" అని నవ్వింది. ఎంత ధైర్యం చెప్పిందో మంచి మనిషి.

జులై 15

అమ్మాయి సీసా చేత్తో పట్టుకుని వచ్చింది.

"నాన్నా, దీని అడుగున దుమ్ము పట్టిందేం? పొట్లాలు అయిపోతున్నాయి, సీసాకి దుమ్ము పడుతోంది. ఏం చేస్తున్నావు?"

సీసా అందుకోబోయాను, ఇవ్వలేదు.

"నీ మొహం వాచింది తెలుసా? పచ్చగా కారుతోంది. నాకు అక్కడ తల తీసేసినంత పనవుతోంది, ఇక్కడ అమ్మ తినదు, నువ్వు కూడా ఇలా మొండికేస్తే నేను ఎవర్ని చూసుకోను? చెప్పు నాన్నా. ఒక్క మాట చెప్పు. నీ నోట్లోంచి మాట రావాలంటే క క క అనాలా?"

దానికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. నాకు చెప్పాలనే ఉంది. అమ్మా, నీ ఉద్యోగం పోవాలని కాదు, మీ అమ్మకి నేను కావాలి అని. అంత పెద్ద మాట ఎలా అంటాను. 

"రేపట్నుంచి పోసుకుంటానులే" అన్నాను.

నీళ్ళు కాచి, పొట్లం కలిపి పెట్టి వెళ్ళింది. మొక్క కుండీలో పోశాను. మొక్కకి ఉప్పు పడదని తర్వాత గుర్తొచ్చింది.

జులై 16

గొట్టం వెయ్యడానికి రేపు మనిషిని పంపుతానన్నాడు తన డాక్టరు. 

జులై 17

మధ్యాహ్నం జరిగింది రాత్రి కూర్చుని రాస్తున్నాను.

అమ్మాయి ఫోన్‌లో ఉంది. తన గది పక్కనే దానిది. నేను తన గుమ్మం బయట స్టూలు మీద కూర్చున్నాను, జావ గిన్నె ఒళ్ళో పెట్టుకుని. గొట్టం మనిషి సాయంత్రం వస్తాడు. అది తలుచుకుంటే ముక్కు పొంగింది. మగవాణ్ణి, ఏడవలేదు. ముక్కు పొంగిందంతే. కన్నీళ్ళు కంట్లోంచి రాకపోతే ముక్కు వెనకనుంచి పోతాయి కాబోలు. చిక్కగా గొంతులోకి దిగింది. కింద మోటారు ఆగింది. నేను గిన్నె పట్టుకుని లేచాను. లేవగానే వచ్చేసింది.

ఖళ్.

నేను అనలేదు. అదే వచ్చింది.

లోపల్నుంచి, "ఆ" అంది.

మళ్ళీ వచ్చింది, ఇల్లంతా అదిరేట్టు. ఆపుకుందామనుకుని కూడా ఆపుకోలేదు. అమ్మాయి గదిలో మాట ఆగిపోయింది.

"ఎంతసేపండీ? మోటారు ఆగి ఎంతసేపయింది? తలుపేసి రండి."

లోపలికి వెళ్ళాను. మంచం అంచున కూర్చున్నాను. చెయ్యి తడుముకుని నా మోకాలు పట్టుకుంది. దగ్గరికి రమ్మంది. చెవిలో చెప్పింది.

"ఇంట్లో ఎవడో ముసలాడు తిరుగుతున్నాడండీ."

"ఆ?"

"అమ్మాయి పెట్టినట్టుంది, పనికి. మంచివాడేలెండి. కసురుకోడు, విసుక్కోడు. మాటాపలుకూ లేదు. కానీ అన్నం నోట్లో పెడతానంటాడు, నీళ్ళు పోస్తానంటాడు. పరాయి మగాడు. నాకు సిగ్గుగా ఉందండీ. పంపించెయ్యండి."

"పంపించేస్తాను."

"కేకలెయ్యకండి పాపం."

"వెయ్యను."

"అన్నం పెట్టి పంపండి. తిన్నాడో లేదో. వాడికీ ఇంటి దగ్గర ఎవరో ఉండే ఉంటారు."

"ఉన్నారు" అన్నాను.

"మీకు తెలిసినవాడేనా?"

"తెలిసినవాడే."

జావ మొత్తం తాగింది. గిన్నె అడుగు గీకి పెడితే అదీ తిన్నది. గుమ్మంలో అమ్మాయి నిలబడి ఉంది. తలకి తగిలించుకునేది మెళ్ళోకి జారిపోయి ఉంది. అందులోంచి ఎవరో సన్నగా, హలో, హలో, ఉన్నారా అంటున్నారు.

గొట్టం మనిషిని అల్లుడు మెట్ల మీద నుంచే పంపించేశాడు.

జులై 18

ఖళ్. ఆ అంది. తిన్నది. స్నానం చేయించాను. వీపు రుద్దమంది. ఆ ముసలాడు వెళ్ళాడా అంది. వెళ్ళాడన్నాను.

అమ్మాయికి కబురొచ్చింది. జీతం లేకుండా కొన్నాళ్ళు ఇంట్లో ఉండమన్నారట. 

"ఇంట్లోనే కదా ఉంది" అన్నాడు అల్లుడు. ఎవరూ నవ్వలేదు. తర్వాత అమ్మాయే నవ్వింది.

జులై 19

ఖళ్. ఆ. తిన్నది.

అమ్మాయి సీసా ఎత్తి అలమరలో పెట్టేసింది. ఏమీ అడగలేదు. చెవికి చుక్కల మందు మాత్రం వేసింది. వేసేటప్పుడు తల మీద చెయ్యి కాసేపు ఉంచింది.

జులై 21

ఖళ్. ఆ. సగం తిన్నది.

జులై 24

ఖళ్. ఆ అంది, మెల్లగా. పాలు రెండు గుక్కలు. చాలు, మీరు తినండి అంది. నా చెవి బాగా వినబడడం లేదు ఆ వైపు. ఈ వైపు తిరిగి కూర్చుంటున్నాను, ఆ అన్నది తప్పిపోకుండా.

జులై 26

డాక్టరు వచ్చాడు. ఇంక గొట్టంతో పని లేదన్నాడు. ఆ మాట విని ముందు సంతోషించాను.

జులై 27

పొద్దున ఖళ్ అన్నాను.

ఆ అనలేదు. నిద్ర అనుకున్నాను.

మళ్ళీ అన్నాను. నిద్రమత్తు అనుకున్నాను.

గుమ్మం బయటే ఉండిపోయాను. అమ్మాయి వచ్చి చూసింది.

జులై 28

ఆగస్టు 6

మనుషులు వచ్చారు, వెళ్ళారు. అందరితోనూ సరే, సరే అన్నాను.

ఆగస్టు 11

అమ్మాయిని పనిలోకి మళ్ళీ రమ్మన్నారు. చెప్పడానికి నా దగ్గరికి వచ్చి, మంచినీళ్ళ గ్లాసు పెట్టి వెళ్ళింది. అల్లుడు చెప్పాడు.

ఖళ్ ఆగడం లేదు. ఇప్పుడెందుకు.

ఆగస్టు 12

పొద్దున్నే లేచి నేనే అలమరలోంచి సీసా తీశాను. కడిగాను. నీళ్ళు కాచాను. చల్లారేదాకా పొయ్యి దగ్గరే నిలబడ్డాను. పొట్లం కలిపాను. బేసిన్ మీదికి వంగి, నోరు తెరిచి, క, క, క అన్నాను. 

కాకి వచ్చిందని ఎవరూ అనలేదు. మెతుకులు వెయ్యమనలేదు.

చాలా వచ్చింది. మర దుమ్మంతా. నెత్తురు జీర కూడా.

ఆగస్టు 19

ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. బాగానే ఉంది.

ఆగస్టు 23

గొంతు శుభ్రం. ముక్కు శుభ్రం. అమ్మాయి గదిలోంచి మాటలు వినబడుతున్నాయి. ఎవరి ఫ్రిజ్‌లోనో మంచు గడ్డకట్టిందట, ఎలా తియ్యాలో చెబుతోంది. ఎంత ఓర్పో.

మధ్యాహ్నం కింద మోటారు ఆగింది. లేచి తన గది దాకా వెళ్ళాను. మంచం మీద కొత్త దుప్పటి పరిచారు. గుమ్మం బయట నిలబడ్డాను.

గొంతులో ఏమీ రాలేదు.

చెప్పకుండా ఎలా వెళతాను లోపలికి. వెనక్కి వచ్చేశాను.